సోమశిల నీళ్ల కింద ఊళ్లున్నాయి



వానలు బాగా పడి శ్రీశైలం జలాశయం నిండిందంటే చాలు, మన కొల్లాపూర్ మీదుగా సోమశిలకు వెళ్లే బండ్ల వరుస మొదలవుతుంది. హైదరాబాదు నుంచి సుమారు 180 కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి కృష్ణ ఒడ్డున కూర్చోవచ్చు. దారి పొడవునా మామిడి తోటలు, ఎర్ర నేలలు, చివరికొచ్చేసరికి నల్లమల కొండల మధ్య విశాలంగా పరుచుకున్న నీళ్లు. అమరగిరి వైపు గుట్టెక్కి చూస్తే దీవులన్నీ ఒకేచోట కనబడతాయి. ఫోనుల్లో ఆ వీడియోలు చూసి, ఇది తెలంగాణ మాల్దీవులు అంటూ జనం వస్తున్నారు. మన సంఘ యవ్వనస్థులు కూడా ఆదివారం ఆరాధన ముగిసిందో లేదో బైకులు తీస్తున్నారు.

దీనిమీద సంఘంలో రెండు మాటలు వినబడుతున్నాయి. పెద్దలు అంటారు: "అయ్యగారూ, విశ్రాంతి దినాన ఈ తిరుగుళ్లేంటి? పెట్రోలుకు పైసలు దండగ, లోకపు ఆశలు కాకపోతే." పిల్లలు అంటారు: "దేవుడు చేసిన సృష్టినే కదా చూస్తున్నాం, అందులో తప్పేముంది?" ఈ రెండు మాటల మధ్య నా అభిప్రాయం చెప్పమని కొందరు అడిగారు. ముందే చెబుతున్నాను. వెళ్లండి. కుటుంబంతో వెళ్లండి, సంతోషంగా వెళ్లండి. కానీ మీరు చూసి వచ్చిన చోటు ఎవరిదో తెలుసుకోకుండా తిరిగి రాకండి.

ప్రయాణం పాపం కాదు

పెద్దలకు గౌరవంతో ఒక మాట. మన ప్రభువు నాలుగు గోడల మధ్య కూర్చుని బోధించినవాడు కాడు. గలిలయ సముద్రపు ఒడ్డున, కొండమీద, పంటచేల గట్లమీద నడుస్తూ బోధించాడు. ఆకాశ పక్షులను చూడమన్నాడు, పొలంలో పువ్వులను గమనించమన్నాడు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులకు తోడుగా నడిచాడు. గాజాకు వెళ్లే ఎడారి దారిలోనే ఫిలిప్పు ఐతియొపీయుని రథమెక్కాడు. బైబిలులో ఎంతో పని దారిమీదనే జరిగింది.

వారమంతా పత్తి చేలో, మిర్చి కల్లంలో, దుకాణంలో, ఆస్పత్రి డ్యూటీలో నలిగిన మనిషికి ఒక పూట నీళ్లు చూసి సేదతీరే హక్కు ఉంది. పట్నంలో రెండు గదుల అద్దె ఇంట్లో పెరిగే పిల్లవాడు కొండను, నదిని చూడాలి. దీన్ని పాపమంటే నేను ఒప్పుకోను. ఆరాధన ఎగ్గొట్టి వెళ్లడం వేరు సంగతి, అది మీకూ తెలుసు.

చూసేవాళ్లు అనేకులు

పిల్లలకు కూడా ఒక మాట. సృష్టిని చూస్తున్నాం అనడం మంచిదే. కానీ చూపులో తేడా ఉంటుందని వాక్యము మనకు నేర్పుతోంది.

ఆదికాండము 13వ అధ్యాయంలో అబ్రాహాము, లోతు విడిపోయే ఘట్టం చదవండి. లోతు కన్నులెత్తి యొర్దాను మైదానాన్ని చూశాడు. నీళ్లు సమృద్ధి, పచ్చదనం సమృద్ధి. అంతే, అటు గుడారం తిప్పాడు. అక్కడ ఉండేవాళ్లు ఎవరు, వాళ్ల బ్రతుకు ఎలాంటిది అని అడిగినట్టు ఎక్కడా లేదు. కంటికి నచ్చింది, చాలనుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు.

లూకా 10వ అధ్యాయంలో యెరికో దారి ఉంది. అదీ కొండల మధ్య దిగే దారే. ఆ దారిన ముగ్గురు వెళ్లారు. పడి ఉన్న మనిషిని ముగ్గురూ చూశారు. యాజకుడు చూశాడు, లేవీయుడు చూశాడు, సమరయుడు చూశాడు. అందరి కళ్లూ బాగానే ఉన్నాయి. తేడా వచ్చింది చూసిన తర్వాతే. ఇద్దరు పక్కనుంచి సాగిపోయారు, ఒకడు ఆగాడు. మన ప్రయాణాలకు కూడా ఇదే కొలత అని నేను నమ్ముతున్నాను.

ఆ నీళ్ల కింద ఏముంది

మరి సోమశిల దగ్గర ఆగి చూడవలసింది ఏమిటి? మనం ఫోటో తీసుకునే ఆ నీళ్లు అనాదిగా అక్కడ ఉన్నవి కావు. కృష్ణమ్మ ఎప్పటినుంచో పారుతోంది, నిజమే. కానీ ఇంత వెడల్పున నిలిచిన నీళ్లు శ్రీశైలం ఆనకట్ట వల్ల వచ్చినవి. 1963లో ప్రధాని నెహ్రూ ఆ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. నిండు మట్టం 885 అడుగులు. నీళ్లు నిలబడే సమయానికి అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి సుమారు వంద ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1981లో ఇళ్లు కూలగొట్టి జనాన్ని పంపించారు. ఊళ్లకు ఊళ్లు కదిలాయి. లక్షమంది దాకా చెల్లాచెదురయ్యారు.

మునిగింది నది ఒడ్డు నేల. ఒండ్రు మట్టి, బంగారం పండే భూములు. వాటితోపాటు బొడ్రాయి, రచ్చబండ, చింతచెట్టు, బావి, బడి, పెద్దల సమాధులు మునిగాయి. సమాధులు మునగడమంటే ఏమిటో మన క్రైస్తవులకు వేరే చెప్పనక్కర లేదు. ఏటా ఒకసారైనా వెళ్లి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించే ఆ చోటే లేకుండా పోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మన చుట్టుపక్కల సంఘాల్లో ముంపు కుటుంబాలవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దమ్మను ప్రార్థన కూడిక తర్వాత ఒడ్డుకు తీసుకెళ్లారు మనుమళ్లు. పిల్లలందరూ సెల్ఫీలు దిగుతుంటే ఆమె ఒక దిక్కుకే చూస్తూ నిలబడింది. ఏంటమ్మా అని అడిగితే, "అగో, ఆ పుట్టి ఆగిన కాడ మా కల్లం ఉండె అయ్యగారూ" అంది. మరే మాటా అనలేదు. పిల్లలకు నీళ్లు కనబడ్డాయి. ఆమెకు నీళ్ల కింద కల్లం కనబడింది.

ద్వితీయోపదేశకాండము చివర్లో మోషే నెబో కొండెక్కి వాగ్దాన దేశమంతా చూశాడు, కానీ అందులో అడుగుపెట్టలేదు. మన పెద్దలది దానికి ఎదురు కథ. మోషే చూసింది తాను ఇంకా చేరని నేల. వీళ్లు చూసేది పుట్టి పెరిగి, పంట పండించి, ఇక తిరిగి వెళ్లలేని నేల. ఎండాకాలం నీటిమట్టం తగ్గినప్పుడు పాత గోడల పునాదులు, రాళ్లు బయటపడతాయి. అప్పుడు పైకి తేలిన మట్టిలో కొందరు విత్తనం కూడా వేస్తారు. మళ్లీ వరద వస్తే అంతా నీళ్లపాలే. ఇదంతా మీరు ఆగస్టులో తీసిన ఫోటోలో కనబడదు.

రాళ్లకు దక్కిన జాగ్రత్త

మీరు సోమశిలలో చూసే పాత ఆలయాలు కూడా మొదటినుంచి అక్కడ ఉన్నవి కావు. ముంపులో పోకూడదని పురావస్తు శాఖవారు ఒక్కొక్క రాయికి అంకె వేసి, విప్పి, తెచ్చి, తిరిగి నిలబెట్టారు. మంచాలకట్టలో ఉన్న మాధవస్వామి ఆలయం ఇప్పుడు మన కొల్లాపూర్‌లో ఉంది. జటప్రోలు ఆలయాలు అలాగే తరలాయి. కూడలి సంగమేశ్వరాలయం అలంపురానికి వచ్చింది. సప్తనదుల సంగమం దగ్గరి సంగమేశ్వరం మాత్రం నీళ్లలోనే ఉండి, ఎండాకాలం కొన్ని వారాలు బయటపడుతుంది. అప్పుడు సోమశిల నుంచి పడవల్లో జనం వెళ్తారు.

ఇతర మతస్థుల గుళ్లను కాపాడడం మంచి పని. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు ఏమాత్రం లేదు. పూర్వికులు చెక్కిన రాయికి అంత విలువ ఇచ్చినందుకు సంతోషించాలి. నా ప్రశ్న వేరే. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో అంకె వేసి మరీ చూసుకున్నాం. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో, ఎవరి పొలం పక్కన ఎవరి పొలం ఉండేదో ఆ ఓపికతో ఎవరు చూశారు? అన్నదమ్ములు తలా ఒక ఊరయ్యారు. నష్టపరిహారం కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు ఉన్నారు. ముంపు కుటుంబాల్లో అర్హులైన ఒకరికి ఉద్యోగం ఇవ్వాలని 1986లో జీవో 98 వచ్చింది. ఆ ఉద్యోగాల కోసం దశాబ్దాల తర్వాత కూడా ఇదే కొల్లాపూర్‌లో దీక్షా శిబిరాలు పడ్డాయి. బస్టాండు దాటి సోమశిల రోడ్డెక్కే బండ్లు ఆ శిబిరాల పక్కనుంచే పోయాయి. యెరికో దారి ఎక్కడో పాలస్తీనాలోనే ఉందని అనుకోకండి.

ఆనకట్ట కట్టకూడదని నేను అనడం లేదు. ఆ నీళ్లవల్లే శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రం నడుస్తోంది. ఆ నీళ్లనే ఎల్లూరు దగ్గర ఎత్తిపోసి కల్వకుర్తి పథకం కింద పొలాలు తడుపుతున్నారు. మన ఇంట్లో వెలిగే బల్బులో, మనం తినే అన్నంలో ఆ మునిగిన ఊళ్ల వాటా ఉంది. ఎవరి నష్టం మీద మన మేలు నిలబడిందో వాళ్ల పేరైనా తెలియకపోతే అది కృతఘ్నత అవుతుంది.

సముద్రం ఒడ్డున కూడా ఇంతే

ఇది మన నది ఒక్కదాని సంగతి కాదు. వేసవి సెలవుల్లో మనవాళ్లు కోస్తాకు వెళ్తున్నారు. విశాఖపట్నం నుంచి భీమిలి దాకా ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం. నిజంగా చూడవలసిన దారి. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు కూడా అలాంటిదే. అక్కడ తుఫాను రోజుల్లో అలలు వచ్చి రోడ్డుమీద విరుచుకుపడతాయి. ఆ అలల మధ్య బండి నడిపిన వీడియోలు చూసి మన పిల్లలు ఉబలాటపడతారు.

అదే అల ఉప్పాడ మత్స్యకారుల ఇళ్లను ఏళ్ల తరబడి కోసుకుంటూ వస్తోంది. నిన్న వంట చేసుకున్న గది ఇవాళ ఉండదు. రోడ్డు కోతకు గురవడం, మళ్లీ రాళ్లు పోయడం, మళ్లీ కోత పడడం అక్కడ మామూలైంది. ఒకరి వీడియోలో కేరింతగా వినబడే అల చప్పుడు ఇంకొకరికి రాత్రి నిద్ర పట్టనివ్వని చప్పుడు.

కోస్తా నుంచి బ్రతుకుతెరువు కోసం వచ్చి మన శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున గుడిసెలు వేసుకున్న మత్స్యకార కుటుంబాలు కూడా ఉన్నాయి. సోమశిలలో మీరు వేడివేడిగా తినే చేప వెనుక ఎవరి రాత్రి ఉందో ఒకసారి అడగండి. స్థానిక జాలరులకు, బయటినుంచి వచ్చినవాళ్లకు మధ్య అలివి వలల విషయంలో గొడవలున్నాయి. చిన్న చేపను కూడా వదలకుండా ఊడ్చే ఆ వలలవల్ల రేపటి చేప ఇవాళే పోతుందని స్థానికుల బాధ. మీ పళ్లెంలో అరచేతికన్నా చిన్న చేప కనబడితే ఆ బాధ గుర్తుకు రావాలి.

వంతెన వచ్చేలోగా

ఈ మాటలు ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, మన దారి మారబోతోంది. 2007 జనవరిలో నెహ్రూనగర్, మంచాలకట్ట మధ్య కృష్ణలో పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఊళ్లలో ఆ ఏడుపు ఇంకా ఆరలేదు. ఒడ్డునుంచి ఒడ్డుకు చుట్టాలింటికి పోవాలన్నా పడవే దిక్కైన జనం వాళ్లు. సోమశిల, సిద్దేశ్వరం మధ్య వంతెన కావాలన్న కోరిక ఆ శవాల మధ్య బలపడింది. 2022 అక్టోబరులో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ సుమారు 1,082 కోట్ల రూపాయలతో అక్కడ తీగల వంతెనకు ఆమోదం ప్రకటించారు. పాదచారులకు అద్దాల నడకదారి ఉంటుందని, తిరుపతికి దాదాపు 80 కిలోమీటర్ల దూరం తగ్గుతుందని చెప్పారు.

వంతెన రావాలి. ప్రాణాలు నిలబెట్టే వంతెన అది. కానీ అది నిలబడ్డ రోజు ఇప్పుడు వచ్చే జనానికి ఎన్నో రెట్లు వస్తారు. అద్దం మీద నిలబడి కిందికి చూసేవాళ్లలో ఎంతమందికి ఆ పడవ సంగతి తెలుస్తుంది? చెప్పవలసింది ఎవరు? మనమే. మనం చెప్పకపోతే ఆ వంతెన ఉత్త ఫోటో స్థలమై మిగులుతుంది.

ఇంకొకటి. రోడ్డు వస్తుందంటే భూమి ధర పెరుగుతుంది. ఒకసారి నీళ్లకు భూమి ఇచ్చినవాళ్ల పిల్లలు రెండోసారి డబ్బు ఆశకు మిగిలిన ఎకరం కూడా వదులుకుని, తమ నేలమీద వెలిసిన రిసార్టుకే కాపలాదారులు కాకూడదు. సంతకం పెట్టేముందు ఇంట్లో ఆడవాళ్లతో, చదువుకున్న పిల్లలతో కూర్చుని మాట్లాడండి. సంఘ పెద్దలను పిలిచి ప్రార్థన చేయించుకోండి. తొందరపడకండి.

"ఇవన్నీ తెలిస్తే ఇక ఆనందం ఎక్కడిది?"

ఒక యవ్వనస్థుడు నన్ను ఇదే అడిగాడు. "అయ్యగారూ, అలసట తీర్చుకోవడానికి పోతే అక్కడ కూడా ఏడవాలా?" న్యాయమైన ప్రశ్నే. ఏడవమని నేను చెప్పడం లేదు. కానీ తెలిసినంత మాత్రాన ఆనందం పోదు. అమ్మ చేసిన జొన్నరొట్టె తినేటప్పుడు ఆమె చేతిమీద కాలిన మచ్చలు మనకు తెలుసు. తెలిసినందువల్ల రొట్టె చేదవుతుందా? ఇంకా రుచిగా ఉంటుంది, పారేయబుద్ధి కాదు. సోమశిల కూడా అంతే. కింద ఏముందో తెలిసినవాడు ఆ నీళ్లలోకి సీసా విసరడు. తెలియనివాడే విసురుతాడు.

కాబట్టి మన సంఘం నుంచి వెళ్లేవాళ్లు ఈ నాలుగు పనులు చేయాలని కోరుతున్నాను.

మొదటిది, పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. ముంపు ఊళ్ల నుంచి వచ్చిన తాతలు, అవ్వలు ఇప్పటికే తగ్గిపోతున్నారు. బైకులు పక్కన పెట్టి ఒక తుఫాన్ బండి మాట్లాడుకోండి. ఒడ్డున కూర్చోబెట్టి, ఊరు ఎక్కడుండేదో చూపించమనండి. ఫోను వాళ్లవైపు తిప్పి ఆ మాటలు రికార్డు చేయండి. మీరు తీసే వీడియోలన్నిటిలో మీ మనుమలు దాచుకునేది అదొక్కటే.

రెండవది, నీళ్లలోకి దిగకండి. పైకి ప్రశాంతంగా కనబడినా అడుగున వాగుల లోతులున్నాయి, బురద ఉంది, పాత బావులు, గోడలు ఉన్నాయి. మోకాటి లోతు దాటితే తలమునిగే లోతు రావచ్చు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ లేకుండా కదలనివ్వకండి. ఎక్కువమందిని ఎక్కిస్తుంటే దిగిపోండి. 2007 మనకు ఒక్కసారి చాలు.

మూడవది, అక్కడివాళ్ల దగ్గర కొనండి, అక్కడివాళ్లతో మాట్లాడండి. చేప అయినా, మామిడికాయ అయినా బేరమాడేముందు పేరడగండి. అమరగిరి వెళ్తే అక్కడి చెంచు కుటుంబాలను బొమ్మల్లాగా ఫోటోలు తీయకండి. అడిగి, ఒప్పుకుంటేనే తీయండి.

నాలుగవది, చెత్త వెనక్కి తెచ్చుకోండి. నల్లమలలో మన్ననూరు దారిన శ్రీశైలం వైపు వెళ్లేవాళ్లు కూడా వినండి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అక్కడ గేటు మూసేది మనల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు, ఆ సమయం జంతువులది గనుక. పగటిపూట కూడా కోతులకు చిప్స్ విసిరి రోడ్డుమీదకు అలవాటు చేయకండి. చక్రాల కింద పడేది అవే.

ప్రియులారా, ఎమ్మాయు దారిలో ఆ ఇద్దరు శిష్యులు తమతో నడిచిన బాటసారి ఎవరో గుర్తుపట్టలేదు. అయినా మాట్లాడారు, విన్నారు, పొద్దుపోయింది ఉండుమని ఇంటికి పిలిచారు. పిలిచినందువల్లే, రొట్టె విరిచినప్పుడు ఆయనెవరో తెలిసింది. మనం దారిలో ఎదురైన మనిషితో మాట్లాడకుండా కొండను, నీటిని మాత్రమే చూసి వస్తే, పక్కన నడిచినవారెవరో ఎప్పటికీ తెలియదు.

ఈసారి సోమశిల వెళ్లి వచ్చినవాళ్లు మునిగిన ఊరి పేరు ఒకటి, ఆ ఊరి మనిషి పేరు ఒకటి తీసుకురండి. బుధవారం ప్రార్థన కూడికలో ఆ పేర్లు చదివి ప్రార్థన చేద్దాం. కృప మీ అందరికి తోడైయుండును గాక. ఆమెన్.